పార్వతి ఇంట్లో లేదు

పొన్నూరు,
ఆషాఢం, 1961.

పొదిలి వదినగారికి,

పిల్లల పెళ్ళయి ఏడాది దాటినా మనిద్దరి మధ్య మర్యాదల మాటలు తప్ప వేరే మాట నడవలేదు. అందుకని ఈ కవరు చూసి కంగారుపడకండి. ఇక్కడ అందరం బాగున్నాం. మీరు ఊహించని సంగతి ఒకటి రాద్దామని కూర్చున్నాను.

పోయిన వారం అబ్బాయి, మీ అమ్మాయి గుంటూరు నుంచి వచ్చి వెళ్ళారు. పొగాకు కంపెనీలో అంకమ్మరావుకి సెలవు దొరకడమే గగనం. నేను మధ్యాహ్నం పడక్కుర్చీలో పుస్తకం పట్టుకుని ఉంటే పార్వతి వచ్చి అట్ట చూసి నవ్వింది. అట్ట మీద కత్తి, నెత్తురు, ఒక ఆడమనిషి చెయ్యి. "అత్తయ్యా, మీరు ఇవి చదువుతారా? మా అమ్మకి చదువొచ్చు కానీ ఇంట్లో భాగవతం తప్ప ఏం లేదు" అంది.

అవును వదినగారూ, నేను అపరాధ పరిశోధన నవలల పిచ్చిదాన్ని. మావారు కాలం చేసిన ఏడాది, పొద్దు గడవక నాగూర్ వలి అద్దె పుస్తకాల కొట్లో ఒకటి తెప్పించుకున్నాను. అంతే, మళ్ళీ ఆగలేదు. ఊళ్ళో వాళ్ళు వెనకాల నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనివ్వండి.

మీకు ఒకటి పంపుతున్నాను. డిటెక్టివ్ పరాంకుశం అని మద్రాసులో ఉంటాడు. పొట్టి మనిషి, ముక్కుపొడుం పీలుస్తాడు, పరిగెత్తడం చేతకాదు. నెలకో పుస్తకం వస్తుంది. మొదటిది చదవకండి, అందులో రాసినాయనకి ఇంకా చెయ్యి తిరగలేదు. "ఎనిమిదో అద్దం"తో మొదలుపెట్టండి. ఒక్కటే ప్రార్థన, ఆఖరి పేజీ ముందు తిప్పొద్దు. నచ్చకపోతే నచ్చలేదని రాయండి, నేనేమీ అనుకోను.

మీ వదిన,
వెంకటేశ్వరమ్మ

*

పొదిలి,
శ్రావణం.

పొన్నూరు వదినగారికి,

పుస్తకం అందింది. అట్ట చూసి మీ అన్నయ్యగారు "ఇదేంటి, వియ్యపురాలు పంపేది?" అన్నారు. చీరె కింద దాచి చదివానంటే నమ్ముతారా. నిజం చెప్పొద్దూ, మొదట్లో ఇదేం చోద్యం అనిపించింది. ఇంత పుస్తకంలో ఎవరూ పొయ్యి వెలిగించరు, ఎవరూ అన్నం తినరు, ఎప్పుడు చూసినా కాఫీలే. కానీ సగానికి వచ్చాక కింద పెట్టలేకపోయాను.

హంతకుడు గుమాస్తా అని నాకు మధ్యలోనే అనుమానం వచ్చింది. యజమాని చచ్చిపోయాడని అందరూ ఏడుస్తుంటే వాడొక్కడు గుర్రానికి గడ్డి వేశారా అని అడుగుతాడు చూడండి, అక్కడ. మా జొన్నచేలో కంకులు దొంగతనంగా కోసుకుపోయినవాడు కూడా అంతే, అందరికంటే ముందు వాడే వచ్చి వానల సంగతి మాట్లాడాడు.

మా పక్కింటి రసూల్‌బీకి చదువు రాదు. మధ్యాహ్నం తను కందులు చెరుగుతుంటే నేను పైకి చదువుతున్నాను. చెరగడం ఆపేసి వింటుంది. పరాంకుశానికి పెళ్ళి ఎందుకు కాలేదని నన్ను అడుగుతుంది. మీకేమైనా తెలిస్తే రాయండి.

మా పెద్దపిల్ల పోయినప్పటినుంచి నాకు మధ్యాహ్నాలు గడవడం కష్టంగా ఉండేది. వదినగారూ, ఈ సాయం మీరు తెలిసి చేశారో తెలియక చేశారో. ఇంకొకటి పంపండి.

మీ వదిన,
మాలకొండమ్మ

*

పొన్నూరు,
కార్తీకం.

వదినగారికి,

గుమాస్తాని మీరు సగంలో పట్టేశారా! నాకు చివరిదాకా తెలియలేదు. ఇక మీతో జాగ్రత్తగా ఉండాలి.

రసూల్‌బీతో చెప్పండి, పరాంకుశానికి పెళ్ళి చేస్తే ఇంటికి వేళకి రావాలి, అప్పుడిక హంతకుల్ని ఎవరు పట్టుకుంటారు?

ఈసారి రెండు పంపుతున్నాను. ఒకటి పరాంకుశందే, "తడిసిన టిక్కెట్టు". రెండోది వేరే వరస, "కమలాంబ పరిశోధనలు". ఈ కమలాంబ రాజమండ్రిలో బడిపంతులమ్మ. తుపాకి లేదు, కారు లేదు. ఎవరింటికైనా పేరంటానికి వెళ్ళి కూర్చుంటుంది, మాట్లాడదు, వింటుంది. ఎదుటివాళ్ళు చెప్పినదాని కంటే చెప్పకుండా దాటేసిన దాన్ని పట్టుకుంటుంది. నాకు పరాంకుశం కంటే ఈవిడే ఇష్టం. ఇన్‌స్పెక్టర్ భుజంగం అని ఇంకో వరస ఉంది, ఎవరైనా ఇస్తే తీసుకోకండి. పేజీకోసారి తుపాకి పేలుతుంది, బుర్ర మాత్రం లేదు.

పిల్లలు దీపావళికి వచ్చారు. పార్వతి కాస్త సన్నబడింది. గుంటూరు నీళ్ళు ఇంకా ఒంటికి పడినట్టు లేదు. జున్ను, సున్నుండలు కట్టి ఇచ్చాను. మీరేం బెంగపడకండి.

మీ వదిన,
వెంకటేశ్వరమ్మ

*

పొదిలి,
పుష్యం.

వదినగారికి,

కమలాంబ బాగుంది. రసూల్‌బీ అయితే ఆవిడని నిజం మనిషే అనుకుంటోంది. "పాపం, ఆమెకి జీతమెంత వస్తుందో" అంటుంది. పెద్ద జమీందారు ఇంట్లో పేరంటం ఘట్టం నేను రెండుసార్లు చదివాను. ఇంటి కోడలు ఊరెళ్ళిందని అందరూ తలా ఒక ఊరి పేరు చెప్పడం, కమలాంబ తాంబూలం తీసుకుని ఊరుకోవడం. రసూల్‌బీ మళ్ళీ చదవమంది.

కందులు ఇంటికి చేరాయి. మిరపకాయ కళ్ళంలో ఉంది. ఈ పనులు కాగానే పార్వతిని ఒక నెల పంపండి వదినగారూ. చూసి చాలా రోజులైంది. అల్లుడుగారికి భోజనం ఇబ్బంది అయితే ఒక పక్షం చాలు. మీ అన్నయ్యగారే వచ్చి తీసుకొస్తారు.

మీ వదిన,
మాలకొండమ్మ

*

బ్రాడీపేట, గుంటూరు,
మాఘం, 1962.

వదినగారికి,

నేను కొన్నాళ్ళుగా పిల్లల దగ్గరే ఉంటున్నాను. పొన్నూరులో ఒక్కదాన్నీ ఉండి ఏం చేయాలని. పార్వతి బాగుంది. ఇక్కడ కుట్టుపని నేర్పే చోట చేరింది, మధ్యలో మానితే మళ్ళీ చేర్చుకోరట. అందుకని ఇప్పుడు పంపలేకపోతున్నాం. వేసవిలో చూద్దాం.

పరాంకుశం కొత్త పుస్తకం వచ్చింది. ఇందులో ఆయన ఊటీ వెళతాడు. చలికి ముక్కుపొడుం పనిచెయ్యక అవస్థ పడతాడు. కథ మొదట్లో ఒక పూలతోట, తోటమాలి, తోటమాలి తమ్ముడు, వాళ్ళిద్దరికీ పడదు. తర్వాత ఒక దొరసాని వస్తుంది. ఆవిడ కుక్క కనిపించదు. కుక్క కోసం మొదలైన వెతుకులాట శవం దగ్గర తేలుతుంది. కమలాంబ పుస్తకాలు కొన్నాళ్ళు రావట. వచ్చినా ఈమధ్యవి అంత బాగోలేదని విన్నాను, చదవకపోయినా ఫరవాలేదు. పరాంకుశాన్నే చదవండి.

ఉంటాను.

వెంకటేశ్వరమ్మ

*

పొదిలి,
ఫాల్గుణం.

వెంకటేశ్వరమ్మగారికి,

మా జక్రయ్య మిరపకాయ అమ్మడానికి గుంటూరు వచ్చాడని మీకు తెలుసు. అతను మాకు పరాయివాడు కాదు, మా పక్క పొలం వాడు. పార్వతిని చిన్నప్పుడు బండి మీద ఎక్కించుకుని తిప్పినవాడు. వేరుశెనక్కాయలు, చింతపండు ఇచ్చి రమ్మని నేనే మీ ఇంటికి పంపాను.

మీరు అతనికి మంచినీళ్ళిచ్చారు, భోజనం పెట్టారు. పార్వతి కుట్టు నేర్చుకోవడానికి వెళ్ళిందని చెప్పారు. ఉండి చూసి వెళతానంటే, ఆలస్యమవుతుంది, బస్సు తప్పిపోతుందన్నారు. అతను మర్నాడు మిరపకాయల యార్డు దగ్గర అల్లుడుగారిని చూశాడు. పార్వతి ఏదయ్యా అంటే, పొన్నూరు వెళ్ళిందని అల్లుడుగారు చెప్పారట. చెప్పి, కాసేపు అక్కడే నిలబడి కళ్ళు తుడుచుకున్నారట. దండెం మీద మీ తెల్లచీరెలు, అల్లుడుగారి చొక్కాలు తప్ప మా పిల్ల బట్టలు ఒక్కటీ లేవని జక్రయ్య చెప్పాడు. నేనడిగితేనే చెప్పాడు. పాపం, అతనికి దాని అర్థం తెలియలేదు.

నాకు తెలిసింది. పార్వతి మీ ఇంట్లో లేదు.

పార్వతి రాసే కార్డులు వస్తూనే ఉన్నాయి. అక్షరాలు దానివే. కానీ వాటిలో ఒక్క వంట మాట లేదు, ఇరుగుపొరుగు మాట లేదు. దానికి ఆ రెండూ లేకుండా ఉత్తరం రాయడం చేతకాదు.

నాలుగు రోజులుగా నిద్ర లేదు. ఈ పుస్తకాలు చదవడం వల్లే ఏమో, కళ్ళు మూస్తే నాకు రాకూడని ఆలోచనలన్నీ వస్తున్నాయి. మీ మీదే వస్తున్నాయి. అవి కాగితం మీద పెట్టను. రసూల్‌బీ ఒక్కతే నన్ను కూర్చోబెట్టి చెప్పింది: "ఆమె చెడ్డది కాదమ్మా. చెడ్డదైతే అబద్ధం ఇంతకంటే బాగా ఆడేది."

ఆమె మాట మీద ఇంకో వారం ఆగుతాను. నా కూతురు ఎక్కడుందో రాయండి.

మాలకొండమ్మ

*

బ్రాడీపేట, గుంటూరు,
ఫాల్గుణం.

వదినా,

గారు అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

పార్వతి బతికే ఉంది. ముందు ఆ మాట చదివి, ఊపిరి పీల్చుకుని, తర్వాత మిగతాది చదవండి.

దీపావళికి వచ్చినప్పుడే సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. దగ్గు వస్తే కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పోయేది. మిరపకాయ ఘాటు అనేది. పుష్యమాసం చివర అంకమ్మరావు పొన్నూరు వచ్చాడు. గడపలో నిలబడ్డాడు, లోపలికి రాలేదు. కొంగు మీద రక్తం పడిందమ్మా అన్నాడు. మర్నాడు నేను గుంటూరు వచ్చాను. డాక్టరు ఫోటో తీయించి, ఎడమ ఊపిరితిత్తికి క్షయ పట్టిందన్నాడు. ఊరి బయట ఆ జబ్బు వాళ్ళ ఆసుపత్రి ఉంది, అక్కడ చేర్చాం. రోజూ సూదులు, మాత్రలు, పాలు, గుడ్లు. నేను పొద్దున్నే బువ్వ పట్టుకుని వెళ్ళి మధ్యాహ్నం దాకా ఉంటాను. సాయంత్రం వాడు వెళతాడు.

మీకెందుకు చెప్పలేదు? చేర్చిన రోజు పార్వతి నా చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, మా అక్క ఈ జబ్బుతోనే పోయింది. అమ్మ ఏడాది పాటు మంచం పక్కన కూర్చుని చూసింది. మళ్ళీ ఆ మంచం పక్కన కూర్చోబెట్టకండి. తగ్గితే నేనే వెళ్ళి చెప్తాను" అంది. తగ్గకపోతే అని నేను అడగలేదు, తనూ చెప్పలేదు. మాటిచ్చాను.

అబద్ధం ఆడటం నాకు రాదని మీ పక్కింటావిడకి కూడా తెలిసిపోయింది. ఏ పూట ఏం చెప్పాలో వాడూ నేనూ అనుకోలేదు. ఆ ఊటీ పుస్తకం నేను చదవనేలేదు వదినా, అట్ట వెనకాల ఉన్నది చూసి రాశాను.

సూదులు పని చేస్తున్నాయని డాక్టరు అంటున్నాడు. జ్వరం తగ్గింది. మీ పెద్దమ్మాయి రోజుల్లో ఈ మందులు లేవు. ఇది ఓదార్పు మాట కాదు, ఆయన చెప్పిన మాట.

రండి. బస్సు దిగేచోట అబ్బాయి ఉంటాడు.

వెంకటేశ్వరమ్మ

*

గుంటూరు, ఆసుపత్రి నుంచి,
చైత్రం.

వదినగారికి,

మీరు పొన్నూరు వెళ్ళి పక్షం అయింది. ఉన్నన్నాళ్ళూ మనిద్దరం ఒకే వరండాలో కూర్చున్నాం. నేను మీతో పాలు కాచారా, బట్టలు ఉతికారా అన్న మాటలు తప్ప మాట్లాడలేదు. మీరు బ్యాగు సర్దుకుని వెళ్ళేటప్పుడు కూడా గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను. ఎదురుగా అనలేనివి రాస్తున్నాను.

నేను వచ్చిన రోజు పార్వతి నన్ను చూసి గోడ వైపు తిరిగింది. మీ మీద కోపంతో, మాట తప్పారని. నేను మంచం మీద కూర్చుని దాని జడ విప్పాను. జుట్టు శుభ్రంగా ఉంది, చిక్కు లేదు. రోజూ ఎవరు దువ్వుతున్నారే అంటే అత్తయ్య అంది. ఈ జబ్బున్న మనిషి తల దువ్వడానికి మా ఊళ్ళో సొంతవాళ్ళు రాలేదు వదినా. మా పెద్దదానికి నేనొక్కదాన్నే. మా అత్తగారు ఆ గది గడప తొక్కలేదు.

అది నేను చచ్చేదాకా మర్చిపోను.

కానీ ఇంకోటి కూడా రాయాలి. మీరు నా కూతురు ప్రాణం కాపాడారు, నన్ను పరాయిదాన్ని చేశారు. రెండూ నిజమే. అది చిన్నపిల్ల, నాకు చెప్పొద్దని అడుగుతుంది. మీరు నా వయసు మనిషి. నేను దేన్ని తట్టుకుంటానో దేన్ని తట్టుకోలేనో మీరిద్దరూ కలిసి తేల్చేశారు. ఒక మంచం పక్కన ఏడాది కూర్చున్నదానికి రెండో మంచం పక్కన కూర్చోవడం వస్తుంది. రాకపోయినా అది నా హక్కు.

చెప్పేశాను. ఇక మనసులో ఏం లేదు.

ఇక్కడ ఆడవాళ్ళ వార్డులో నసీమున్నీసా అని ఒకమ్మాయి, ఇంకా ఇద్దరు ముగ్గురు చదువుకున్నవాళ్ళు ఉన్నారు. పార్వతికి ఎక్కువ మాట్లాడటం కూడదన్నారు కాబట్టి నేనే పైకి చదివి వినిపిస్తున్నాను. శవాలు వద్దు, దొంగతనాలు ఉన్నవి చదవమంటారు. నాకు తెలిసి "తడిసిన టిక్కెట్టు"లో చావు లేదు, అది మొదలుపెట్టాను. అలాంటివి ఇంకా ఏమున్నాయో మీకే తెలుస్తుంది. పంపించండి.

మాలకొండమ్మ

*

పొన్నూరు,
జ్యేష్ఠం.

వదినగారికి,

మీ ఉత్తరం చాలాసార్లు చదివాను. జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. మీరన్నది సబబే. క్షమించమని రాసి చింపేశాను, ఆ మాట చిన్నదిగా కనిపించింది.

చావులు లేనివి ఏరి నాలుగు పంపుతున్నాను. కమలాంబవి రెండు. అవి బాగోలేవని నేనన్నది అబద్ధం. జమీందారు కోడలి కథ చదివిన మనిషికి ఇంకో కమలాంబని చేతికివ్వడానికి భయపడ్డాను.

ఇక్కడ జరిగింది మీకు ముందే చెప్పాలి. ఎవరి నోటో వినకూడదు.

మా బావగారు ఆదెయ్యగారు, ఇంకో ఇద్దరు పెద్దలు మొన్న ఇంటికొచ్చారు. జబ్బు సంగతి ఊరంతా పాకింది. పిల్లని పుట్టింటికి పంపెయ్యమన్నారు. డాక్టర్లు కొన్నేళ్ళు బిడ్డలు వద్దంటారు, వంశం ఏమవుతుంది, అంకమ్మరావుకి చేబ్రోలులో సంబంధం ఉందన్నారు. నేను కాఫీలిచ్చి లోపలికి వచ్చేశాను. ఇన్నేళ్ళలో మా బావగారి ముందు నేను కూర్చుని మాట్లాడిన రోజు లేదు. వంటింట్లో కాసేపు నిలబడ్డాను. మళ్ళీ వెళ్ళి కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"బావగారూ, మీ తమ్ముడు ఆఖరి రెండేళ్ళు మంచంలో ఉన్నారు. ఆయన్ని వదిలి వేరే పెళ్ళి చేసుకోమని నాకు చెప్పడానికి మీరెవరూ రాలేదే?" అన్నాను.

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. ఇవేం మాటలని లేచి వెళ్ళిపోయారు. మా ఇంటికి ఇక రారేమో. అబ్బాయికి రాస్తే, వాడు ఆదివారం వచ్చి పెదనాన్న ఇంటికి వెళ్ళి, ఆ సంబంధం వాళ్ళకి కబురు పంపకండి, నాకు భార్య ఉంది అని చెప్పి వచ్చాడు. గట్టిగా మాట్లాడలేదట. వాడు ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు, మీకు తెలుసుగా.

డాక్టరు వచ్చే నెల ఇంటికి పంపుతానన్నాడని వాడు చెప్పాడు. మాత్రలు మాత్రం ఇంకా చాలాకాలం వాడాలట. పార్వతి ఎక్కడికి వెళ్ళాలి? పొదిలిలో గాలి పొడిగా ఉంటుంది, తల్లి దగ్గర ఉంటుంది. పొన్నూరులో పాలు, డాక్టరు దగ్గర. నాకైతే ఇక్కడికే రావాలని ఉంది. కానీ ఈసారి నేను తేల్చను. మీరెలా అంటే అలా.

వెంకటేశ్వరమ్మ

*

గుంటూరు, ఆసుపత్రి నుంచి,
ఆషాఢం, 1962.

వదినా,

మీరు కుర్చీ లాక్కుని కూర్చున్న చోట నేను చదవడం ఆపి కాసేపు వరండాలో తిరిగి వచ్చాను. తర్వాత మీ అన్నయ్యగారికి రాశాను, ఆయన జక్రయ్య చేత చదివించుకున్నారట. ఆ రోజు అన్నం రెండుసార్లు వడ్డించుకున్నారని జక్రయ్య రాశాడు.

మీ ప్రశ్నకి నేను రెండు రోజులు ఆలోచించాను. పొదిలి అనే రాద్దామనుకున్నాను. ఎండాకాలం పోయింది, పెరటి గది ఖాళీగా ఉంది, రసూల్‌బీ మేకపాలు ఇస్తానంది. అన్నీ మనసులో అమర్చుకుని, కలం తీసి, పార్వతితో అన్నాను: "మీ అత్తయ్య మంచిదే. నిన్ను నా దగ్గరికే పంపుతానంది."

అది నసీమున్నీసాకి బొంత కుట్టడం నేర్పుతోంది. తల ఎత్తలేదు.

"అమ్మా, పొదిలి మీ ఇల్లు. పొన్నూరు అత్తయ్య ఇల్లు. నాకు బ్రాడీపేటలో ఇల్లుంది" అంది.

"ఒక్కదానివి ఎలా చేసుకుంటావే?" అన్నాను.

"ఒక్కదాన్ని కాదు. ఆయన ఉన్నారు. అన్నం వండటం నేర్చుకున్నారట, మొన్న తెచ్చారు, ముద్దయింది. నేను తిన్నాను" అంది. దారం కొరికి, "మీరిద్దరూ ఇంతకాలం నా గురించి ఒకరికొకరు రాసుకున్నారు. నన్ను ఎవరూ అడగలేదు" అంది. కోపంగా అనలేదు వదినా. బొంత మీద సూది లాగుతూ, మామూలుగా అంది.

మిమ్మల్ని నేను అన్నన్ని మాటలు అన్నాను, నన్ను అడగకుండా తేల్చేశారని. అదే పని నేనూ చేస్తున్నాను. అప్పుడు దాన్ని అడిగాను, మరి మేం రావొచ్చా అని.

"మొదటి పదిరోజులు ఎవరూ వద్దు. తర్వాత ఇద్దరూ కలిసి రండి. వంట నేను చెయ్యను, ఆయన చేస్తారు. ఎలా ఉన్నా తినాలి" అంది. ఇన్ని నెలల్లో మొదటిసారి నవ్వింది.

సోమవారం అల్లుడు జట్కా తెస్తానన్నాడు. నేను ఆసుపత్రి గేటు దగ్గరే ఉండిపోయి, వాళ్ళని ఎక్కించి, పొదిలి బస్సు ఎక్కుతాను. ఇంటిదాకా వెళ్ళను. వెళ్ళాలని ఉంటుంది, అయినా వెళ్ళను.

మీరూ వెళ్ళకండి. పిలిచినప్పుడు వెళదాం.

మాలకొండమ్మ